బి.జె.పామర్

బార్ట్‌లెట్ జాషువా పామర్ (సెప్టెంబరు 14, 1882 - మే 27, 1961) అమెరికాకు చెందిన ప్రసిద్ధ కైరోప్రాక్టిక్ వైద్యుడు, విద్యాసంస్థ నిర్వాహకుడు, రేడియో ప్రసార రంగంలో తొలితరం వ్యాపారవేత్త. బి.జె. అనే పొడి అక్షరాలతోనే ఎక్కువగా పేరు పొందాడు. మందులు గాని, శస్త్రచికిత్స గాని లేకుండా వెన్నెముకను చేతులతో సవరించి చికిత్స చేసే పద్ధతికి కైరోప్రాక్టిక్ అని పేరు. దీనిని ప్రారంభించినవాడు ఇతని తండ్రి డేనియల్ డేవిడ్ పామర్. అయితే దానిని ఒక వృత్తిగా నిలబెట్టి, న్యాయస్థానాలలో దాని తరపున పోరాడి, 1910లో అందులోకి ఎక్స్‌రేను ప్రవేశపెట్టినవాడు బి.జె.

ఇతని జీవితంలో చట్టం, ఎక్స్‌రే చిత్రం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. తన మాట నిజమని రుజువు చేసుకోవడానికి ఇతడు తెచ్చిన ఎక్స్‌రే చిత్రమే, ఆ తరువాతి కాలంలో ఇతని వృత్తివారిపై అనేక చట్టపరమైన బాధ్యతలను మోపింది. ఎక్స్‌రే ఫిల్ము చేతపట్టుకొని ఎముకల కట్టు వైద్యుని వద్దకు వెళ్ళే అలవాటు ఉన్న రాయలసీమవంటి ప్రాంతాలకు కూడా ఈ చరిత్ర పరాయిది కాదు.

బాల్యం, కుటుంబం

బి.జె. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వాట్ చీర్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి డేనియల్ డేవిడ్ పామర్ (1845 - 1913) కెనడాలో టొరంటో సమీపాన పుట్టి, అమెరికాకు వలస వచ్చినవాడు. బడిపంతులుగా, తేనెటీగల పెంపకందారుగా, కిరాణా వర్తకునిగా పలు వృత్తులు చేసి, చివరకు చేతి స్పర్శతో రోగాలు నయం చేస్తానని చెప్పే అయస్కాంత వైద్యునిగా స్థిరపడ్డాడు. 1880లలో ఈ కుటుంబం మిసిసిపీ నది ఒడ్డున ఉన్న డావెన్‌పోర్ట్ నగరానికి చేరింది. బి.జె. పసితనంలోనే తల్లి మరణించింది. సవతి తల్లుల వద్ద, కఠినుడైన తండ్రి వద్ద ఇతని బాల్యం కష్టంగా గడిచింది. తండ్రీ కొడుకుల మధ్య సఖ్యత ఏనాడూ లేదు. తరువాతి చరిత్రలో చాలా భాగాన్ని ఈ వైరం ప్రభావితం చేసింది.

1895 సెప్టెంబరులో డావెన్‌పోర్ట్‌లోని తన కార్యాలయం ఉన్న భవనంలో పనిచేసే హార్వే లిల్లార్డ్ అనే చెవిటి కార్మికుని వెన్నుపూసను డేనియల్ పామర్ చేతితో నొక్కి సవరించాడనీ, దానితో అతనికి వినికిడి వచ్చిందనీ కైరోప్రాక్టిక్ వారు చెప్పుకుంటారు. వినికిడి నాడి వెన్నెముక గుండా పోదు గనుక ఈ కథనాన్ని శరీర శాస్త్రజ్ఞులు అంగీకరించరు. అయినా ఆ వృత్తి పుట్టినరోజుగా నేటికీ దానినే పాటిస్తారు. కాకతాళీయంగా అదే సంవత్సరం నవంబరు 8న జర్మనీలో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. రెండు నెలల తేడాతో పుట్టిన ఈ రెండింటినీ పదిహేనేళ్ళ తరువాత కలిపినవాడు బి.జె.

చేతితో చేసేది అనే అర్థం వచ్చే గ్రీకు పదాలతో కైరోప్రాక్టిక్ అన్న పేరును శామ్యూల్ వీడ్ అనే మతబోధకుడు కూర్చి ఇచ్చాడు. వెన్నుపూసలు స్వల్పంగా పక్కకు జరిగి నాడులను నొక్కడమే రోగాలకు మూలమని డేనియల్ సిద్ధాంతం. ఆ స్వల్ప స్థానభ్రంశాన్ని సబ్‌లక్సేషన్ అంటారు. 1897లో చిన్న పాఠశాల ప్రారంభించాడు. బి.జె. 1902లో అక్కడే పట్టా పొందాడు.

తండ్రి జైలు శిక్ష

1900ల ప్రారంభంలో తండ్రి అప్పుల భారంతో పాఠశాలను విడిచి కాలిఫోర్నియాకు వెళ్ళినపుడు, ఇరవై ఏళ్ళ బి.జె. ఆ బాధ్యత తలకెత్తుకున్నాడు. 1904 ఏప్రిల్ 30న మేబెల్ హీత్‌ను వివాహమాడాడు. ఆమె స్వయంగా పట్టా పొంది, పాఠశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, 1918లో ఆ విషయంపై ఒక గ్రంథం కూడా రచించింది. పాఠశాల బాకీలు తీర్చి గట్టెక్కించడంలో ఆమె పాత్ర భర్త పాత్రకు తీసిపోదు. వీరి ఏకైక కుమారుడు డేవిడ్ 1906 జనవరిలో జన్మించాడు.

డావెన్‌పోర్ట్‌కు తిరిగివచ్చిన డేనియల్ పామర్‌పై, లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడన్న నేరం మోపబడింది. 1906 మార్చిలో స్కాట్ కౌంటీ న్యాయస్థానం అతనిని దోషిగా నిర్ణయించి, 350 డాలర్ల జరిమానా గాని 105 రోజుల జైలు గాని విధించింది. జరిమానా కట్టడం తప్పు ఒప్పుకోవడమే అవుతుందని భావించి అతడు జైలుకే వెళ్ళాడు. 23 రోజుల తరువాత పట్టుదల సడలి, జరిమానా చెల్లించి బయటికి వచ్చాడు. వచ్చేసరికి పాఠశాల పూర్తిగా కొడుకు అధీనంలో ఉంది. తన వాటాను కొడుక్కి అమ్మివేసి తండ్రి పశ్చిమ రాష్ట్రాలకు వెళ్ళిపోయాడు. 1910లో ప్రచురించిన తన బృహద్గ్రంథంలో కొడుకును తీవ్రంగా విమర్శించాడు.

అప్పటి చట్టాల తీరు తెలిస్తే ఈ శిక్ష వెనుకనున్న చిక్కు అర్థమవుతుంది. పంతొమ్మిదవ శతాబ్దం చివరినాటికి అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వైద్యవృత్తికి లైసెన్సు విధానం తెచ్చాయి. రోగాన్ని గుర్తించి చికిత్స చేసే ప్రతివాడూ వైద్యుడే అని చట్టం నిర్వచించింది. అందుచేత మందు ఇవ్వకపోయినా, కత్తి పట్టకపోయినా, వెన్ను నొక్కేవాడు కూడా ఆ నిర్వచనంలో చిక్కుకొనేవాడు.

న్యాయస్థానాలలో పోరాటం

తండ్రి జైలుకు వెళ్ళిన 1906లోనే బి.జె. చుట్టూ చేరినవారు యూనివర్సల్ కైరోప్రాక్టర్స్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. సభ్యుల చందాలతో ఒక నిధి ఏర్పరచి, అరెస్టయిన సభ్యునికి న్యాయవాదిని పెట్టి వాదించడమే దీని ముఖ్యోద్దేశం. బి.జె. దీనికి కార్యదర్శిగా పనిచేశాడు.

ఈ సంఘానికి పేరు తెచ్చిన మొదటి కేసు 1907లో విస్కాన్సిన్ రాష్ట్రం లా క్రాస్ పట్టణంలో జరిగింది. ముద్దాయి షెగతారో మోరికుబో, జపాన్ నుండి వచ్చి పామర్ పాఠశాలలో చదివినవాడు. లైసెన్సు లేకుండా ఆస్టియోపతీ అనే మరొక ఎముకల వైద్య విధానాన్ని ఆచరించాడని ఇతనిపై ఆరోపణ. న్యాయవాది టామ్ మోరిస్ రెండూ వేర్వేరు విద్యలని వాదించాడు. ఆస్టియోపతీ రక్తప్రసరణను ఆధారం చేసుకుంటుందనీ, కైరోప్రాక్టిక్ నాడులను ఆధారం చేసుకుంటుందనీ, దీనికి ప్రత్యేకమైన తత్త్వం, గ్రంథాలు ఉన్నాయనీ చూపించాడు. అలా చూపిన గ్రంథాలలో ముఖ్యమైనది బి.జె.కి పోటీ పాఠశాల నడుపుతున్న లాంగ్‌వర్తీ తదితరులు 1906లో రాసినది కావడం విశేషం. జ్యూరీ మోరికుబోను నిర్దోషిగా వదిలివేసింది. మోరిస్ తరువాత ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు అయ్యాడు. అతని న్యాయవాద సంస్థ చాలా సంవత్సరాలు కైరోప్రాక్టర్ల కేసులు చేపట్టింది.

ఈ విజయం వృత్తిలోని భాషను కూడా మార్చింది. వైద్యులు రోగనిర్ధారణ చేస్తారు కాబట్టి కైరోప్రాక్టర్లు ఆ మాట వాడరాదు, విశ్లేషణ అనాలి. చికిత్స అనరాదు, సవరింపు అనాలి. రోగాన్ని కాదు, రోగానికి కారణమైన స్థానభ్రంశాన్ని మాత్రమే తొలగిస్తున్నామని చెప్పాలి. ఈ పదజాలం తాత్త్విక భేదంగా కనిపించినా, దానికి మూలం ముద్దాయి బోనులోనే ఉంది. మొదట న్యాయరక్షణ కోసం పుట్టిన మాటలు క్రమంగా సిద్ధాంతాలుగా స్థిరపడ్డాయని చరిత్రకారులు భావిస్తారు. కాన్సస్ రాష్ట్రం 1913లో కైరోప్రాక్టర్లకు ప్రత్యేక లైసెన్సు చట్టం చేసింది. అమెరికాలో ఇదే మొదటిది. చివరి రాష్ట్రమైన లూసియానా 1974లో చేసింది. ఈ రెంటి నడుమ అనేకమంది కైరోప్రాక్టర్లు జైలుకు వెళ్ళారు.

ఎక్స్‌రే ప్రవేశం

1910లో బి.జె. పాఠశాలకు ఎక్స్‌రే యంత్రం కొన్నాడు. వెన్నెముక చిత్రణకు ఇతడు స్పైనోగ్రఫీ అని కొత్త పేరు పెట్టాడు. వైద్యులు వాడే పేరుకు దూరంగా ఉండడానికే ఈ పేరు అని వేరే చెప్పనక్కరలేదు. అప్పటివరకు వెన్నుపూస జరిగిందని చెప్పడానికి వైద్యుని వేళ్ళ స్పర్శ తప్ప మరే ఆధారమూ లేదు. కోర్టులో గాని, విద్యార్థుల ఎదుట గాని దానిని చూపించే మార్గం లేదు. ఎక్స్‌రే చిత్రం ఆ లోటు తీరుస్తుందని బి.జె. ఆశించాడు.

ఈ యంత్రం పాఠశాలను రెండుగా చీల్చింది. చేతివిద్య అయిన కైరోప్రాక్టిక్‌లోకి యంత్రం తేవడం మూలసూత్రానికి విరుద్ధమని కొందరు అధ్యాపకులు ఆక్షేపించారు. జాయ్ లోబన్ అనే అధ్యాపకుడు కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని బయటికి వచ్చి, అదే నగరంలో వేరే కళాశాల స్థాపించాడు. బి.జె. వెనుకకు తగ్గలేదు. ఎర్నెస్ట్ థాంప్సన్ నేతృత్వంలో ఎక్స్‌రే విభాగం పెరిగి, 1910ల చివరికి ఆ విషయంపై పాఠ్యగ్రంథం కూడా వెలువడింది. చికిత్సకు ముందు ఒక చిత్రం, తరువాత ఒక చిత్రం తీసి పోల్చి చూపడం వృత్తిలో ఆచారమయింది. 1930లలో న్యూయార్క్‌కు చెందిన వారెన్ సాసర్ నిలబడి ఉన్న మనిషి వెన్నెముక మొత్తాన్ని 14 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న ఒకే ఫిల్ముపై తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు.

తొలినాళ్ళలో ఎక్స్‌రే పని ప్రమాదకరమైనది. ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ కిరణాల వల్ల చేతులు పోగొట్టుకొని 1904లో మరణించాడు. అయినా చాలాకాలం సీసపు తెరలు, తొడుగులు లేకుండానే పని సాగేది. కిరణాల నుండి రక్షణకు సిఫారసులు చేసే అంతర్జాతీయ సంఘం 1928లో గాని ఏర్పడలేదు. 1913లో విలియం కూలిడ్జ్ తయారుచేసిన కొత్త గొట్టం, గుస్తావ్ బకీ రూపొందించిన వడపోత జల్లెడ వచ్చాక వెన్నెముకవంటి మందమైన భాగాల చిత్రాలు స్పష్టంగా రాసాగాయి.

చీకటి గది పని

బి.జె. మొదలుపెట్టిన కాలంలో చిత్రాలు గాజు పలకలపై తీసేవారు. ఆ గాజు ఎక్కువగా బెల్జియం నుండి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధంలో అది కరువై ఫిల్ము వాడుక పెరిగింది. 1918లో రెండు వైపులా రసాయనపు పూత గల ఫిల్ము రావడంతో కిరణాల మోతాదు తగ్గించే వీలు కలిగింది. అయితే నాటి ఫిల్ము నైట్రేటుతో తయారై తేలికగా అంటుకునేది. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నిలవ ఉంచిన ఎక్స్‌రే ఫిల్ములు కాలి, వెలువడిన విషవాయువుల వల్ల 123 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత తేలికగా నిప్పంటుకోని ఎసిటేట్ ఫిల్ము సర్వత్రా వాడుకలోకి వచ్చింది. పాత ఫిల్ములను ఎలా, ఎక్కడ భద్రపరచాలన్నది చట్టపరమైన బాధ్యతగా మారడానికి ఈ సంఘటన ఒక కారణం.

ఫిల్ము కడిగే పని ఓపికతో కూడినది. కిరణాలు తగిలిన వెండి లవణాలు డెవలపర్ ద్రావణంలో నల్లని వెండిగా మారుతాయి. కిరణాలు తగలని లవణాలను హైపో అనే ఫిక్సర్ కరిగిస్తుంది. ఆ తరువాత పారే నీటిలో చాలాసేపు కడిగి, దుమ్ము తగలకుండా ఆరబెట్టాలి. చేతితో కడిగేటపుడు డెవలపర్ ఇరవై డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉంటే సుమారు ఐదు నిమిషాలు ఉంచుతారు. వేడి పెరిగితే ఫిల్ము మసకబారి, జెలటిన్ పూత మెత్తబడి లేచిపోతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే కర్నూలు, కడప వంటి ఊళ్ళలో కొళాయి నీరే ముప్పై డిగ్రీలకు మించి ఉంటుంది. అందుచేత అటువంటి చోట్ల తొట్టె చుట్టూ మంచు గడ్డలు పేర్చడం, తెల్లవారుజామున కడగడం వంటి ఉపాయాలు అవసరమయ్యేవి. నీటికి కొరత ఉన్నచోట కడుగుడు తగ్గితే, లోపల మిగిలిన హైపో కొన్నేళ్ళకు ఫిల్మును పసుపుపచ్చగా మార్చి చిత్రాన్ని చెరిపివేస్తుంది. కోర్టుకు సాక్ష్యంగా పనికిరావలసిన ఫిల్ము అప్పటికి ఉత్త రేకు అవుతుంది. వాడిన హైపోలోను, పాత ఫిల్ములలోను వెండి ఉంటుంది కాబట్టి వాటిని కొనే వ్యాపారులు కూడా ఉండేవారు.

కైరోప్రాక్టర్లకు ఈ జాగ్రత్తలు ఇతరులకన్నా ఎక్కువ అవసరం. విరిగిన ఎముకను చూడడానికి కాస్త మసకగా ఉన్న ఫిల్మైనా సరిపోతుంది. కాని వెన్నుపూస కొద్ది మిల్లీమీటర్లు వంగిందని చెప్పేవాడికి, రోగి కొద్దిగా పక్కకు తిరిగి నిలబడినా లెక్క తప్పుతుంది. కుడి ఎడమలు తెలిపే సీసపు అక్షరం లేకుండా ఫిల్మును తిరగవేసి చూస్తే, సవరింపు తప్పు వైపు జరుగుతుంది. రోగి పేరు, తేదీ ఫిల్ముపై లేకపోతే అది ఎవరిదో రుజువు చేయడం అసాధ్యం. 1950లలో యంత్రాలతో ఫిల్ము కడిగే పద్ధతి, 1980ల నుండి డిజిటల్ చిత్రణ వచ్చి చీకటి గది పనిని తగ్గించాయి. రోగిని నిలబెట్టే తీరులో జరిగే పొరపాట్లను మాత్రం అవి తొలగించలేవు.

న్యూరోకేలోమీటర్ వివాదం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత తిరిగివచ్చిన సైనికులు చేరడంతో పామర్ పాఠశాలలో విద్యార్థుల సంఖ్య వేలకు చేరింది. 1924 ఆగస్టులో బి.జె. న్యూరోకేలోమీటర్ అనే పరికరాన్ని ప్రకటించాడు. దీనిని రూపొందించినవాడు డోసా ఎవిన్స్. వెన్నుకు ఇరుపక్కల చర్మం వేడిలోని తేడాను ఇది కొలుస్తుంది. నాడి ఎక్కడ నొక్కుకుపోయిందో దీనివల్ల తెలుస్తుందని బి.జె. చెప్పాడు. పరికరాన్ని అమ్మకుండా అద్దెకే ఇచ్చాడు. అద్దె 2,200 డాలర్ల దాకా పెరిగింది. ఆ రోజులలో ఇది ఒక ఇంటి ఖరీదుతో పోల్చదగిన మొత్తం. ఇది లేనివాడు సరైన కైరోప్రాక్టర్ కాడన్న ధోరణి సభ్యులకు రుచించలేదు. పేరుపొందిన నలుగురు అధ్యాపకులు విడిపోయి 1926లో ఇండియానాపొలిస్‌లో లింకన్ కళాశాల స్థాపించారు. తాను పెంచిన సంఘంలోనే పట్టు కోల్పోయి బి.జె. 1926లో వేరొక సంఘం పెట్టుకున్నాడు. ఎక్స్‌రే విషయంలో వచ్చిన చీలిక నుండి తేరుకోగలిగిన ఇతడు ఈ దెబ్బ నుండి పూర్తిగా కోలుకోలేదు.

1930లలో మెడలోని పై రెండు పూసలను మాత్రమే సవరిస్తే చాలునన్న కొత్త పద్ధతిని బోధించాడు. 1935లో పరిశోధన కోసం ఒక క్లినిక్ తెరిచాడు. అక్కడ రోగులను వైద్యులు కూడా పరీక్షించేవారు. మానవ వెన్నెముకల ఎముకలతో ఇతడు సేకరించిన ప్రదర్శనశాల చాలా పెద్దది.

ఇతర విశేషాలు

బి.జె. 1922లో డబ్ల్యూ.ఓ.సి. అనే రేడియో కేంద్రాన్ని కొన్నాడు. ఇది అమెరికాలోని తొలి రేడియో కేంద్రాలలో ఒకటి. 1930లో డెమోయిన్‌లోని డబ్ల్యూ.హెచ్.ఓ. కేంద్రం కూడా ఇతని చేతికి వచ్చింది. తరువాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ 1932లో క్రీడా వ్యాఖ్యాతగా ఉద్యోగం ప్రారంభించినది డబ్ల్యూ.ఓ.సి.లోనే. 1949లో ఇదే సంస్థ అయోవాలో మొదటి టెలివిజన్ కేంద్రాన్ని నడిపింది. పొడవాటి జుట్టు, వదులుగా వేలాడే మెడపట్టీ, తెల్లని దుస్తులతో బి.జె. ఎక్కడికి వెళ్ళినా జనం దృష్టిని ఆకర్షించేవాడు. సర్కస్ అంటే మిక్కిలి ఇష్టం. పాఠశాల గోడలనిండా నీతివాక్యాలు రాయించాడు. దేశదేశాల నుండి తెచ్చిన విగ్రహాలు, మొసళ్ళు, మొక్కలతో ఒక విచిత్రమైన తోట పెంచి సందర్శకులకు చూపేవాడు.

1913 ఆగస్టులో డావెన్‌పోర్ట్‌లో జరిగిన ఊరేగింపులో బి.జె. తన కారుతో తండ్రిని ఢీకొట్టాడని ఒక ఆరోపణ ఉంది. తండ్రి అదే ఏడాది అక్టోబరు 20న లాస్ ఏంజెలస్‌లో మరణించాడు. మరణ కారణం టైఫాయిడ్ అని నమోదయింది. బి.జె.పై నేరారోపణకు తగిన ఆధారం లేదని గ్రాండ్ జ్యూరీ తోసిపుచ్చింది. మేబెల్ 1949లో చనిపోయింది. బి.జె. ఫ్లోరిడాలోని సరసోటాలో 1961 మే 27న కన్నుమూశాడు. తరువాత కుమారుడు డేవిడ్ కళాశాల బాధ్యతలు చేపట్టాడు.

చట్టపరమైన బాధ్యతలు

లైసెన్సు చట్టాలు రావడంతో కైరోప్రాక్టర్లకు జైలు భయం తగ్గింది గాని, దాని స్థానంలో నష్టపరిహారపు దావాలు వచ్చాయి. వైద్యులతో సమానంగా ఎక్స్‌రే తీసే హక్కు పొందినవాడు, ఆ చిత్రంలో కనిపించేదంతా చూడవలసిన బాధ్యత కూడా పొందినట్లే. తాను వెదికేది పూస జరిగిందా లేదా అన్నదే అయినా, అదే ఫిల్ములో క్షయ, కంతి, విరుగుడు కనిపిస్తుండగా చూడలేదని తప్పించుకోవడం కుదరదు. ఒక బాలుని ఎక్స్‌రేలో కనిపించిన కంతి లక్షణాలను కైరోప్రాక్టర్ గమనించలేదన్న దావాలో, ఎక్స్‌రే చదివే విషయంలో వైద్యుడు కూడా నిపుణునిగా సాక్ష్యం చెప్పవచ్చునని 1985లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మోరికుబో కేసు జరిగిన విస్కాన్సిన్ రాష్ట్రపు సుప్రీంకోర్టే 1988లో మరింత స్పష్టత ఇచ్చింది. కైరోప్రాక్టర్‌ను వైద్యుని ప్రమాణంతో కాక అతని వృత్తి ప్రమాణంతోనే కొలవాలని చెబుతూ, రోగి బాధ తన విద్యకు లొంగేదా కాదా అని ముందుగా తేల్చుకోవడం, కాకపోతే చికిత్స ఆపి ఆ సంగతి రోగికి చెప్పడం అతని విధి అని నిర్ణయించింది. విశ్లేషణ వేరు, రోగనిర్ధారణ వేరు అన్న పాత వాదానికి ఈ తీర్పులతో విలువ బాగా తగ్గింది.

మరోవైపు, కైరోప్రాక్టర్లను బహిష్కరించడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చేసిన ప్రయత్నం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1987లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పునిచ్చింది. సబ్‌లక్సేషన్ సిద్ధాంతాన్ని మాత్రం శాస్త్రీయ పరిశోధనలు బలపరచలేదు. ఫిల్ముపై కనిపించే చిన్న వంపులు నొప్పి లేనివారిలో కూడా సాధారణమేనని తేలింది. 2017లో అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ కూడా, ప్రమాద సూచనలు లేని కొత్త నడుమునొప్పికి మొదటి ఆరు వారాలలో ఎక్స్‌రే వద్దని సిఫారసు చేసింది. ప్రతి రోగికీ రెండేసి చిత్రాలు తీసిన బి.జె. ఆచారానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

రాయలసీమలో

బి.జె. కోర్టులలో పోరాడుతున్న రోజులలో కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. కాన్సస్ చట్టం వచ్చిన మరుసటి సంవత్సరమే, అనగా 1914లో, మద్రాసులో వైద్యుల నమోదు చట్టం వచ్చింది. ఇది పాశ్చాత్య వైద్యులకు మాత్రమే పట్టిక ఏర్పరచింది. నాటు వైద్యులు, ఎముకల కట్టు కట్టేవారు పట్టికలో లేరు, అలాగని జైలుకూ పోలేదు. అందుచేత ఇక్కడ బి.జె. వంటి పోరాటం అవసరం రాలేదు. ఆ పట్టిక వారికి గుర్తింపునివ్వలేదు, బాధ్యతనూ నిర్ణయించలేదు.

రాయలసీమలో ఎముకల కట్టుకు పేరుపొందినది పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు. ఇక్కడి కట్టు 1881లో కేశవరాజుతో మొదలైనట్లు ప్రసిద్ధి. ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టే ఈ కట్టు కోసం పొరుగు జిల్లాల నుండి, తమిళనాడు నుండి జనం వస్తారు. ఆసుపత్రిలో తీయించిన ఎక్స్‌రే ఫిల్మును వెంట తేవడం ఇప్పుడు మామూలయింది. విరిగిన ఎముకకు కట్టు కట్టడం వేరు, వెన్నుపూసను విరవడం వేరు. పల్లెలలో నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తొక్కించుకునే అలవాటు మాత్రం కైరోప్రాక్టిక్‌కు కొంత దగ్గరగా ఉంటుంది.

ఈ మెట్ట ప్రాంతంలో వెన్నును సవరించడానికి ముందు ఫిల్ము చూడవలసిన అవసరానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో ఇది బయటపడింది. వాటికి ఆనుకొని ఉన్న మార్కాపురం తాలూకా 1970 వరకు కర్నూలు జిల్లాలోనిదే. బావి నీటిలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి, ఎముక సున్నపు దిమ్మెలాగా గట్టిపడి, పూసల మధ్య బంధనాలు అతుక్కుపోతాయి. ఎక్స్‌రేలో వెన్నెముక అంతా తెల్లగా, ఒకే కర్రలాగా కనిపిస్తుంది. బయటికి మాత్రం అది మామూలు నడుము పట్టులాగానే ఉంటుంది. అటువంటి వెన్నును బలంగా విరిస్తే లోపలి నాడులు దెబ్బతిని కాళ్ళు పడిపోవచ్చు. వెన్నెముక క్షయ విషయంలోనూ ఇదే ప్రమాదం.

భారతదేశంలో కైరోప్రాక్టర్ల నమోదుకు ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. తనకు అర్హత లేని విధానంలో చికిత్స చేసినవాడు ఆ కారణం చేతనే నిర్లక్ష్యానికి బాధ్యుడని 1996లో సుప్రీంకోర్టు పూనమ్ వర్మ కేసులో తీర్పు చెప్పింది. డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని అంతకు ముందటి ఏడాదే నిర్ణయించింది. ఎక్స్‌రే యంత్రం ఎవరు నడిపినా 2004 నాటి కిరణ రక్షణ నియమాలు వర్తిస్తాయి. వీటి అమలును 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం వైద్యులు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. రోగి అడిగిన 72 గంటలలోగా వాటిని ఇవ్వాలి.